పాయింట్ 22 పిస్టల్ శుభ్రం చేయాలంటే ఏది తేలిగ్గా విప్పగలం?

ప్రశ్న: గురి సాధనకు మొదటి పాయింట్ 22 పిస్టల్ తీసుకుందామనుకుంటున్నాను. రూగర్ మార్క్ 3 ఒకటి చవకగా వస్తోంది. విప్పితే మళ్లీ బిగించలేరని అందరూ భయపెడుతున్నారు. నిజమేనా? మార్క్ 4, బ్రౌనింగ్ బక్ మార్క్, స్మిత్ అండ్ వెస్సన్ విక్టరీ కూడా చూస్తున్నాను.

జవాబు: భయపెట్టడంలో సగం నిజం ఉందండి. విప్పడం ఎవరికైనా వస్తుంది, చిక్కంతా బిగించేటప్పుడే. మార్క్ 3లో పిడి వెనుక ఉండే మెయిన్‌స్ప్రింగ్ హౌసింగ్‌ను (ప్రధాన స్ప్రింగ్ ఉండే భాగం) తిరిగి మూసేటప్పుడు, హ్యామర్‌కు (కాల్చేటప్పుడు కొట్టే సుత్తి) వేలాడే స్ట్రట్ అనే సన్నని కడ్డీ సరిగ్గా దాని గుంటలో కూర్చోవాలి. అది పక్కకు పోతే బోల్ట్ (తూటా వెనుక ముందుకూ వెనక్కూ జరిగే భాగం) పూర్తిగా వెనక్కు రాదు. పైగా మ్యాగజైన్ (తూటాలు పెట్టే డబ్బా) లేకపోతే ట్రిగ్గర్ పనిచేయదు కనుక, హ్యామర్ దించాల్సిన ప్రతిసారీ ఖాళీ మ్యాగజైన్ పెట్టి తీయాలి. అసలు విసుగు పుట్టించేది ఇదే.

2016లో వచ్చిన మార్క్ 4లో ఈ తంటా లేదు. మ్యాగజైన్ తీసి, ఛాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీ అని కంటితో చూసి, హ్యామర్ ఎక్కుపెట్టి, సేఫ్టీ వేసి వెనుక బొత్తాం నొక్కితే పైభాగం తలుపులా లేస్తుంది. బోల్ట్ జారి వస్తుంది, బ్యారెల్‌ను ఛాంబర్ వైపు నుంచే తుడవొచ్చు.

విక్టరీకి ట్రిగ్గర్ గార్డు ముందున్న ఒక్క మర విప్పితే చాలు. బక్ మార్క్‌కు మాత్రం పైన మరలు, వాటి కింద చిన్న వాషర్లు. కింద పడితే వెతుక్కోవాల్సిందే! వెనుక గురి ఆ మరలు పట్టి ఉంచే భాగం మీదే ఉంటుంది. అందుకే బిగించాక గురి సరిచూసుకోవాలి.

మరొకరు: ప్రతిసారీ మొత్తం విప్పాలా అని కూడా ఆలోచించండి. ఈ తూటాల సీసానికి మైనం పూత ఉంటుంది. బ్లోబ్యాక్ పిస్టల్‌లో (పేలుడు ఒత్తిడే బోల్ట్‌ను వెనక్కు నెట్టే రకం) ఆ మసి, కాలని మందు వెనక్కు వచ్చి ఛాంబర్ ముఖం దగ్గర, ఖాళీ తొడుగును బయటకు లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద పేరుకుంటాయి. బోల్ట్ వెనక్కు నిలిపి, పాత టూత్‌బ్రష్‌తో అక్కడ గీకి, బ్యారెల్‌లో గుడ్డ తాడు లాగితే మామూలు రోజులకు సరిపోతుంది.

ప్రశ్న అడిగినవారు: అయితే మార్క్ 3 కొన్నా పరవాలేదంటారా?

జవాబు: ధరలో తేడా బాగా ఉంటే తీసుకోండి. బిగించేటప్పుడు హ్యామర్ దించి, స్ట్రట్ స్వేచ్ఛగా వేలాడేలా పిస్టల్‌ను వంచి పట్టుకుని హౌసింగ్ మూయండి. బోల్ట్ చివరిదాకా లాగి చూడండి. ఆగిపోతే బలవంతం చేయకుండా హౌసింగ్ తెరిచి మళ్లీ మొదలుపెట్టండి.