పాత బ్లూస్ పాటల్ని ఇప్పటివాళ్లు టీవీలో పాడినవి: నిజంగా వినదగ్గవి ఏవి?

మూడోతీగ:
నిర్వాణా అనే రాక్ బ్యాండ్ వాళ్ల ఎంటీవీ అన్‌ప్లగ్డ్ (ఎలక్ట్రిక్ వాయిద్యాల హోరు లేకుండా పాడే టీవీ కచేరీ) చాలామంది చూసే ఉంటారు, 1993 నవంబర్‌లో న్యూయార్క్‌లో రికార్డ్ చేసింది. అందులో చివరి పాట ముందు వాళ్ల గాయకుడు కర్ట్ కొబేన్ తన అభిమాన గాయకుడని లెడ్ బెల్లీ పేరు చెప్తాడు. ఆ పేరు పట్టుకుని వెళ్లి 1940ల నాటి లెడ్ బెల్లీ రికార్డింగ్ విన్నాను. పాట అదే, కథ అదే, కానీ ఆయన నింపాదిగా, ఎదుటి మనిషిని నిలదీసి అడుగుతున్నట్టు పాడుకుంటూ పోతాడు. కొబేన్ మాత్రం చివరి చరణాన్ని తారస్థాయికి ఎత్తి గొంతు చీలిపోయేలా పాడతాడు. నాకు రెండూ కావాలనిపించింది. ఒకదాన్ని విన్నాక రెండోది ఇంకా బాగా వినిపించింది కూడా.

మా ఫ్రెండ్ ఒకడు దీన్ని అస్సలు ఒప్పుకోడు. అమెరికాలో నల్లవాళ్లు కష్టాల్లోంచి కట్టుకున్న ఈ బ్లూస్ పాటల్ని రాక్ స్టార్లు టీవీలో పాడి పేరు కొట్టేశారు, అంతే అంటాడు. వాడి మాటలో నిజం ఉందని తెలుసు, కానీ అంతటితో అయిపోయిందని అనుకోలేకపోతున్నా. ఇలా టీవీలో పాడినవాటిలో అసలు పాటకి న్యాయం చేసినవి ఏవో చెప్పండి. నేను గిటార్ నేర్చుకుంటున్నా, అందుకని వాయించే పద్ధతి గురించి చెప్పినా సంతోషమే.

రాత్రిబండి:
ముందు ది అమెరికన్ ఎపిక్ సెషన్స్ చూడండి, 2017లో అమెరికా టీవీ పీబీఎస్‌లోనూ బీబీసీలోనూ వచ్చింది. 1920లలో రికార్డింగ్ కంపెనీలు వాడిన వెస్టర్న్ ఎలక్ట్రిక్ యంత్రాన్ని, ఎక్కడెక్కడో మిగిలిన భాగాలు ఏరుకొచ్చి మళ్లీ బిగించారు. దాని ముందు ఈ కాలం వాళ్లని నిలబెట్టి పాడించారు. ఒకటే మైకు. తప్పు పాడితే దిద్దుకోవడానికి లేదు, నేరుగా ప్లేటు మీదే గీత పడిపోతుంది. పైకి కట్టిన బరువు మెల్లగా కిందకి దిగుతుంటే ఆ యంత్రం తిరుగుతుంది, ఆ బరువు నేలకి చేరేలోపు, అంటే దాదాపు మూడు నిమిషాల్లో, పాట ముగించాలి. మన నాటక పద్యాల గ్రామఫోన్ ప్లేట్లకీ ఇదే మూడు నిమిషాల కొలత కదా, స్టేజీ మీద తోచినంతసేపు తీసే రాగాన్ని ప్లేటు కోసం కుదించక తప్పేది కాదు.

అందులో అలబామా షేక్స్ అనే బ్యాండ్ వాళ్లు పాతకాలపు బ్లూస్ గాయని మెంఫిస్ మిన్నీ పాట పాడారు. మైకు ఒకటే కాబట్టి గొంతు పెద్దదైతే వెనక్కి జరగాలి, గిటార్ చిన్నగా ఉంటే ముందుకు రావాలి, మిక్సింగ్ అంటే మనుషులు అటూ ఇటూ నిలబడటమే. నాకు అన్నింటికన్నా నచ్చింది నాస్. ర్యాపర్ కదా, 1928 నాటి మెంఫిస్ జగ్ బ్యాండ్ పాట ఏం చేస్తాడులే అనుకునేవాళ్లు తప్పకుండా వినాలి. ఆ మాటల విరుపు, ఆ గొప్పలు చెప్పుకునే ధోరణి అతని నోట్లో ఎంత సహజంగా ఉన్నాయంటే ర్యాప్ ఎక్కడినుంచి వచ్చిందో వేరే పాఠం అక్కర్లేదు.

డెల్టా_దారి:
మీ ఫ్రెండ్ మాట కొట్టిపారేయకండి. బ్లూస్ పాటలు రాసిన విల్లీ డిక్సన్ తన పాటలోని మాటలు వాడుకున్నారని లెడ్ జెప్లిన్ అనే రాక్ బ్యాండ్ మీద 1985లో కేసు వేయాల్సి వచ్చింది, రెండేళ్లకి రాజీ కుదిరింది. 1969లో వచ్చిన పాటకి ఇంతకాలం పట్టింది. ఇలాంటివి చాలా జరిగాయి.

కానీ అదే టీవీలో ఇంకో సంగతి కూడా జరిగింది. 1965 మేలో అమెరికాలో షిండిగ్ అనే ప్రోగ్రామ్‌కి బ్రిటిష్ రాక్ బ్యాండ్ రోలింగ్ స్టోన్స్ వెళ్లారు. అప్పటికే వాళ్లు విల్లీ డిక్సన్ రాసి హౌలిన్ వుల్ఫ్ పాడిన పాటని బ్రిటన్‌లో నంబర్ వన్ చేశారు. మమ్మల్ని పిలవాలంటే హౌలిన్ వుల్ఫ్‌ని కూడా పిలవాలని పట్టుబట్టారు. పిలిచారు. యాంకర్ మాటలు సాగదీస్తుంటే స్టోన్స్‌లోని బ్రయన్ జోన్స్, ఇక మీరు ఆపితే వుల్ఫ్ స్టేజీ ఎక్కుతాడని అడ్డుపడ్డాడు. తర్వాత యాభై నాలుగేళ్ల ఆ భారీ మనిషి పాడుతుంటే, ఆ అమ్మాయిలంతా ఎవరి కోసం కేకలు పెడుతున్నారో ఆ కుర్రాళ్లు ఆయన కాళ్ల దగ్గర కూర్చుని విన్నారు. తాము పాడటం కన్నా ఆయన్ని పాడించడం ముఖ్యమనుకున్నారు చూడండి, నాకు న్యాయం అంటే అదీ. పాటని బాగా పాడితే సరిపోదు, అది ఎవరిదో చెప్పాలి, బతికున్నవాళ్లయితే పక్కకి తెచ్చి నిలబెట్టాలి, డబ్బు చేరాలి. కొబేన్ పేరు చెప్పాడు కాబట్టే కదా మీరు లెడ్ బెల్లీ దాకా వెళ్లారు.

గోటువాద్యం_ఫ్యాన్:
2012 ఫిబ్రవరిలో వైట్‌హౌస్‌లో జరిగిన బ్లూస్ కచేరీ పీబీఎస్‌లో వచ్చింది, ఎవరూ ఎత్తలేదేంటి? దాంట్లోంచి ఒబామా రెండు లైన్లు పాడిన క్లిప్ ఒక్కటే అందరికీ తెలుసు. బి.బి. కింగ్, బడ్డీ గై ఉన్న స్టేజీ మీద గ్యారీ క్లార్క్ జూనియర్ పాడింది చూడండి, పెద్దవాళ్లున్నారని తగ్గలేదు, అలాగని చూపించుకోనూ లేదు. రోలింగ్ స్టోన్స్ గాయకుడు జాగర్ కూడా వచ్చి జెఫ్ బెక్ గిటార్‌తో హౌలిన్ వుల్ఫ్ పాటే పాడాడు, డెల్టా_దారి గారు చెప్పిన 1965 నుంచి చూస్తే ఆ మనిషి ఆ పాటల్ని వదల్లేదు.

అన్నింటికన్నా సూజన్ టెడెస్కీ పాడింది వినండి. ఎట్టా జేమ్స్ చనిపోయి అప్పటికి నెలే అయింది, ఆమె పాటే ఎంచుకుంది. పక్కన భర్త డెరెక్ ట్రక్స్ స్లైడ్ గిటార్ (తీగల మీద గొట్టం జార్చి వాయించేది). ఈయన సరోద్ విద్వాంసుడు అలీ అక్బర్ ఖాన్‌ని బాగా విన్నవాడు, ఆ సంగతి చెప్పకపోయినా వింటే తెలుస్తుంది. స్వరం మీద నేరుగా వాలడు, కింది నుంచి జారుతూ వచ్చి ఆగుతాడు. అలాగే తీగల మీద కర్ర జార్చి వాయించే మన గోటువాద్యం వినే చెవికి ఇది కొత్తగా అనిపించదు.

రాత్రిబండి:
గిటార్ నేర్చుకునేవాళ్లకి ఎరిక్ క్లాప్టన్ 1992 అన్‌ప్లగ్డ్ కూడా చెప్పాలి. రాబర్ట్ జాన్సన్, బిగ్ బిల్ బ్రూన్జీ పాటలున్నాయి, చేతులు స్పష్టంగా కనిపిస్తాయి. నాకైతే అంత శుభ్రంగా ఉండటం వల్ల కొంచెం గరుకు పోయిందనిపిస్తుంది, కానీ చూసి నేర్చుకోవడానికి బాగుంటుంది.

డెల్టా_దారి:
విమ్ వెండర్స్ తీసిన ది సోల్ ఆఫ్ ఎ మ్యాన్ ఉంది, 2003లో పీబీఎస్‌లో దర్శకుడు స్కోర్సేసీ పర్యవేక్షణలో వచ్చిన ఏడు బ్లూస్ సినిమాల్లో ఒకటి. స్కిప్ జేమ్స్, బ్లైండ్ విల్లీ జాన్సన్, జె.బి. లెనోర్ పాటల్ని బెక్ (పైన చెప్పిన జెఫ్ బెక్ కాదు), లూ రీడ్, కసాండ్రా విల్సన్ లాంటివాళ్లు పాడతారు. లుసిండా విలియమ్స్ పాడిన స్కిప్ జేమ్స్ పాట ఒక్కటైనా వినండి. అది ఆయన 1931లో, ఆర్థికమాంద్యం నడుస్తుండగా రికార్డ్ చేసింది. అప్పుడు ప్లేట్లు అమ్ముడుపోలేదు, 1964లో వెతికి పట్టుకునేదాకా ఆయన్ని జనం మర్చిపోయారు.

మూడోతీగ:
అందరికీ థాంక్స్. స్కిప్ జేమ్స్ ఒరిజినల్ ఇప్పుడే విన్నా. మామూలు ట్యూనింగ్‌లో ప్రయత్నిస్తే ఆ దిగులు రావట్లేదు. ఆయన వేరే శ్రుతి పెట్టుకున్నాడా?

డెల్టా_దారి:
అవును, ఓపెన్ డి మైనర్, అంటే ఏ తీగనీ నొక్కకుండా మీటినా డి మైనర్ కార్డ్ పలికే శ్రుతి. ఆరో తీగని ఇ నుంచి డికి దించండి, మూడోది జి నుంచి ఎఫ్‌కి, రెండోది బి నుంచి ఎకి, ఒకటోది ఇ నుంచి డికి. ఐదు, నాలుగు అలాగే ఉంచండి. అన్నీ కిందకి దించడమే కాబట్టి తీగ తెగుతుందని టెన్షన్ అక్కర్లేదు. పిక్ వద్దు, వేళ్లతోనే వాయించండి, బొటనవేలు బేస్ తీగల మీదే ఉండాలి.