మెదడువాపు అనుమానిత కేసులను ఊరి పేరుతో చెప్పాలా?

హన్మకొండ పంతులు: పిల్లలకు జ్వరంతో ఫిట్స్ వచ్చి స్పృహ తప్పితే, ల్యాబ్ రిపోర్టు కోసం ఆగకుండా 'అనుమానిత కేసు' అని ఊరి పేరుతో సహా ప్రకటించాలంటాను. జపనీస్ మెదడువాపు వైరస్ సోకిన సుమారు 250 మందిలో ఒక్కరికే జబ్బు ముదురుతుంది. ఒక బిడ్డ ఆసుపత్రిలో చేరిందంటే ఆ చుట్టుపక్కల వైరస్ అప్పటికే బాగా తిరుగుతున్నట్టే కదా!

పరకాల రైతు: పంతులు గారూ, ఊరి పేరు పేపర్లో పడితే మరునాడే జనం పందులు పెంచేవాళ్ల ఇళ్ల మీద పడతారు. వైరస్ పందుల్లోనే కాదు, కొంగల్లోనూ పెరుగుతుంది. కొంగల్ని ఎవరు వెళ్లగొడతారు? ఆ వైరస్‌ను మనుషులకు మోసే దోమ పుట్టేది నీళ్లు నిలిచిన వరి మళ్లలో. కాకతీయ కాలువ కింద మేమంతా వేసేది వరే.

ల్యాబ్ తమ్ముడు: 'నిర్ధారణ' అన్నంత తేలిక కాదన్నా. వెన్ను నుంచి తీసిన నీటిలో ఐజీఎం, అంటే వైరస్ సోకాక ఒంట్లో మొదట పుట్టే యాంటీబాడీలు, ఉన్నాయేమో చూస్తాం. జ్వరం మొదలైన తొలి రోజుల్లో తీస్తే నెగెటివ్ రావచ్చు, పది రోజులకు మళ్లీ చూడాలి. ఈమధ్యే టీకా పడ్డ పిల్లకు రక్తంలో పాజిటివ్ వచ్చినా నమ్మలేం. అనుమానితాలు చెప్పండి, కానీ నిర్ధారణ అయినవాటితో కలిపేయకండి.

హన్మకొండ పంతులు: ఒప్పుకుంటా, రెండు లెక్కలు వేరుగానే ఉండాలి. కానీ 2003 గుర్తు చేసుకోండి. కరీంనగర్, వరంగల్ వైపు పిల్లలు పిట్టల్లా రాలిపోయారు. ఉమ్మడి రాష్ట్రంలో 329 మందికి జబ్బు చేస్తే 183 మంది చనిపోయారు, ఎక్కువమంది ఆసుపత్రిలో చేరిన 24 గంటల్లోపే. తీరా తేలింది చాందీపుర వైరస్. దాన్ని ప్రధానంగా మోసేది దోమ కాదు, గోడ పగుళ్లలో దాగే శాండ్‌ఫ్లై అనే చిన్న ఈగ. జపనీస్ పాజిటివ్‌లే లెక్కపెడతామని కూర్చుంటే ఆ పిల్లలు ఏ లెక్కలోకీ రారు! రైతన్న చెప్పిన పందుల గొడవ మాత్రం నిజమే. బయటికి మండలం పేరు చాలు, ఊరి పేరు ఆరోగ్య శాఖ వాళ్లకు తెలిస్తే సరి.

ములుగు ఆశా అక్క: ఊరు, మండలం అని కొట్టుకుంటున్నారు గానీ, కాగితం మీద రాసే ఊరే తప్పైతే ఎట్లా సార్? దసరా సెలవులకు పిల్ల అమ్మమ్మ ఇంటికి పోయి పొలం పక్కన ఆరుబయట పడుకుంటుంది. జ్వరం వరంగల్‌లో అద్దింటికి వచ్చాక మొదలవుతుంది. దోమ కుట్టిన నాలుగు రోజుల నుంచి రెండు వారాల దాకా ఎప్పుడైనా రావచ్చంటారు కదా. ఫాగింగ్ మిషనేమో అద్దింటి గల్లీకి పోతుంది. చేర్చుకునేటప్పుడే 'పోయిన రెండు వారాలు పిల్ల ఎక్కడ పడుకుంది?' అని అడిగి రాయమనండి.