నచ్చని కవితా సంపుటి మీద సమీక్ష రాయాలా, ఊరుకోవాలా?

చదువరి:
2012లో కెనడాలో ఒక పెద్ద వాదన నడిచింది. నచ్చని పుస్తకం గురించి మాట్లాడకుండా ఉండటమే మేలంటూ కవయిత్రి జాన్ జ్వికీ అంతకుముందెప్పుడో రాసిన వ్యాసం మళ్ళీ బయటికొచ్చింది. పుస్తకాన్ని విమర్శించే సమీక్ష వల్లా మంచి జరుగుతుందని కవి, విమర్శకుడు మైకేల్ లిస్టా 'నేషనల్ పోస్ట్' పత్రికలో ఘాటుగా బదులిచ్చాడు. నేను లిస్టా వైపే. అక్కడ కవిత్వం వేసేవి ఎక్కువగా గ్రాంట్ల మీద నడిచే చిన్న ప్రెస్సులు. రాసేవాళ్ళు, సమీక్షించేవాళ్ళు, జ్యూరీల్లో కూర్చునేవాళ్ళు చాలాసార్లు ఆ నలుగురే. అందరూ మొహమాటపడితే డబ్బు పెట్టి కొనేవాడికి నిజం చెప్పేదెవరు?

ఎడ్మంటన్_అక్క:
జ్వికీది మొహమాటమని కొట్టిపారేయకండి. 'సాంగ్స్ ఫర్ రెలింక్విషింగ్ ది ఎర్త్' కాపీలు మొదట ఆవిడే చేత్తో కుట్టి, అడిగినవాళ్ళకి పంపింది. బ్రిక్ బుక్స్ అనే ప్రచురణ సంస్థ ఆ కవితా సంపుటి వేసింది ఆ తర్వాతే. 1999లో దానికి కెనడాలో పెద్ద సాహిత్య పురస్కారమైన గవర్నర్ జనరల్ అవార్డు వచ్చింది. అలాంటి మనిషి సమీక్షని తీర్పులా చూడదు. పైగా కొత్త కవికి వచ్చేదే ఒకటో రెండో సమీక్షలు. అందులో ఒకటి వెటకారమైతే ఆ పుస్తకం పని అయిపోయినట్టే. పేరున్నవాళ్ళని ఎంతైనా ఉతకండి, నేనేం అడ్డురాను.

వంకర_కలం:
అక్కా, మౌనంతో మాత్రం పుస్తకం బతుకుతుందా? మన ఆవిష్కరణ సభల్లో అయితే ఆ మౌనం కూడా ఉండదనుకోండి, వేదికెక్కిన ప్రతివాడూ మహాకవే.

కథలపిచ్చి:
నన్నడిగితే తిట్టు కన్నా బద్ధకపు పొగడ్తే ఎక్కువ చేటు. సువన్‌ఖమ్ తమ్మవోంగ్సా కథల పుస్తకం 'హౌ టు ప్రొనౌన్స్ నైఫ్'కి 2020లో కెనడా కథాసాహిత్యానికి ఇచ్చే గిల్లర్ ప్రైజ్ వచ్చింది. ఆవిడ థాయ్‌లాండ్‌లోని లావో శరణార్థుల శిబిరంలో పుట్టి, టొరంటోలో పెరిగింది. ఇంకేం, 'హృద్యమైన వలస కథలు' అనేసి చేతులు దులుపుకుంటే సరిపోతుందా? అందులో 'పికింగ్ వర్మ్స్' కథ చదవండి. వానపాములు ఏరే పనిలో తల్లి చేయి తిరిగిన మనిషి. కూతురి వెంట సరదాగా వచ్చిన తెల్ల కుర్రాడు కొన్నాళ్ళకే ఆ తల్లి మీద మేనేజరైపోతాడు. రచయిత్రి ఎక్కడా గొంతు పెంచదు, జాలి అడగదు. ఆ అన్యాయం ఎంత మామూలుగా జరిగిపోయిందో సమీక్షకుడు చూపించాలి. అది చూపించాక, నాలాగే 'కొన్ని కథలు మరీ పొట్టిగా ముగిశాయి' అని కూడా రాసుకోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

కవిత్వంలో ఈ బాధ్యత ఇంకా ఎక్కువ. ఆదివాసీ కవి జోర్డన్ ఏబెల్ 'ఇంజున్' (2017లో కెనడా కవులకిచ్చే గ్రిఫిన్ కవిత్వ బహుమతి) 91 పాత వెస్టర్న్ (కౌబాయ్) నవలల్లోని వాక్యాలు కత్తిరించి కట్టిన పుస్తకం. ఆ సంగతి చెప్పకుండా 'అర్థం కాలేదు' అని రాస్తే అది సమీక్ష కాదు, ఫిర్యాదు.

ఎడ్మంటన్_అక్క:
గ్రిఫిన్ అన్నారు కాబట్టి ఒక మాట. 2023 నుంచి కెనడా కవులకి విడిగా ఇచ్చే ఆ బహుమతి ఎత్తేశారు. మొదటి పుస్తకానికి చిన్నదొకటి ఉంచి, ప్రపంచం మొత్తానికీ కలిపి 1,30,000 డాలర్ల బహుమతి ఒక్కటే పెట్టారు. కెనడా కవి నలుగురి కళ్ళలో పడే చోటు ఇంకా తగ్గింది. ఇలాంటప్పుడా కత్తులు నూరడం?

చదువరి:
ఇప్పుడే నూరాలండీ. ప్రపంచంతో పోటీకి దింపాక ఇంట్లోవాళ్ళ ముద్దుమాటలు దేనికి పనికొస్తాయి? సమీక్షకుడు పుస్తకంలో ఉన్నది చూపించాలన్న కథలపిచ్చి గారి మాట మాత్రం నాకు సమ్మతమే. దాన్నే షరతుగా పెడతాను: కవితలోంచి కనీసం నాలుగు పాదాలు చూపించకుండా ఎవరూ నోరు చేసుకోకూడదు. పొగిడేవాళ్ళకీ అదే రూలు.