సర్వీసు దానంతటదే ఆగిపోతోంది, లాగ్‌లో ఒక్క ఎర్రర్ కూడా లేదు

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మేం రాసుకున్న చిన్న ప్రోగ్రామ్ ఒకటి లినక్స్ సర్వర్ మీద సిస్టమ్‌డీ (సర్వీసులను స్టార్ట్ చేసి, కనిపెట్టుకుని ఉండే ప్రోగ్రామ్) సర్వీసుగా నడుస్తోంది. క్యూలోంచి ఫైళ్లు తీసుకుని ప్రాసెస్ చేయడం దాని పని. మూడు వారాలుగా ఇదే వరస: సోమవారం పొద్దున లాగిన్ అయ్యేసరికి ఆగిపోయి ఉంటోంది. చేత్తో స్టార్ట్ చేస్తే మళ్లీ వారమంతా బుద్ధిగా నడుస్తుంది. ప్రోగ్రామ్ లాగ్‌లో ఏమీ లేదు, మామూలు లైన్లు రాస్తూ రాస్తూ అక్కడితో ఆగిపోయింది. యూనిట్ ఫైల్లో (సర్వీసు సెట్టింగులు ఉండే ఫైలు) రీస్టార్ట్ దగ్గర ఆన్-ఫెయిల్యూర్, అంటే ఫెయిలైతే మళ్లీ లేపమని, పెట్టే ఉంది, అయినా లేవట్లేదు. శుక్రవారం వస్తే చాలు, టెన్షన్ మొదలవుతోంది.

మొదటి జవాబు:
ముందు మెమరీ చూడండి. ర్యామ్ నిండిపోతే కెర్నెల్‌లోని ఓఓఎం కిల్లర్ ఏదో ఒక ప్రాసెస్‌ను చంపేస్తుంది. చచ్చేదానికి ఒక లైను రాసుకునే వ్యవధి కూడా ఉండదు, అందుకే దాని లాగ్ శుభ్రంగా కనిపిస్తుంది. కెర్నెల్ లాగ్‌లో అవుట్ ఆఫ్ మెమరీ అన్న మాట కోసం వెతకండి.

రెండో జవాబు:
మెమరీ కావచ్చు, కాకపోనూ వచ్చు. ఓఓఎం అయితే సర్వీసు ఫెయిల్డ్ అని చూపించాలి, ఆన్-ఫెయిల్యూర్ దాన్ని లేపాలి కూడా. మీది లేవలేదంటే నాకు అక్కడే అనుమానం.

ఈసారి ఆగినప్పుడు స్టార్ట్ కొట్టే ముందు సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ చూసి రాసి పెట్టుకోండి. ఫెయిల్డ్ అని ఉందా, ఇనాక్టివ్ అని ఉందా? మెయిన్ పీఐడీ (ప్రాసెస్ నంబరు) లైన్లో కోడ్ ఏమిటి, సిగ్నల్ (ప్రాసెస్‌కు అందే చిన్న సందేశం) పేరేమిటి? ఎక్కడైనా 128 దాటిన ఎగ్జిట్ కోడ్ కనిపిస్తే అందులోంచి 128 తీసేయండి, మామూలుగా మిగిలేది సిగ్నల్ నంబరే. 137 అంటే 9, బలవంతంగా చంపారు. 143 అంటే 15, మర్యాదగా ఆగమన్నారు. 139 అంటే 11, ప్రోగ్రామే మెమరీలో తప్పు చోట చెయ్యి పెట్టింది.

పాత మూడుసార్ల సంగతి సిస్టమ్‌డీ లాగ్ అయిన జర్నల్‌లో ఉండాలి, జర్నల్‌సీటీఎల్ కమాండ్‌తో చూడండి. సర్వర్ రీబూట్ అయి, జర్నల్‌ను డిస్క్ మీద దాచే ఏర్పాటు లేకపోతే మాత్రం పోయినట్టే.

ప్రశ్న అడిగినవారు:
జర్నల్ ఉందండి. ఓఓఎం జాడ లేదు. మూడుసార్లూ శనివారం అర్ధరాత్రి దాటాక, ఒంటి గంట లోపే ఆగింది. ఫెయిల్డ్ అని లేదు, ఇనాక్టివ్ అనే ఉంది. కోడ్ కిల్డ్, సిగ్నల్ హప్. పైగా "డీయాక్టివేటెడ్ సక్సెస్‌ఫుల్లీ" అట! చచ్చిపోయినదాన్ని సక్సెస్ అంటుందేమిటి?

రెండో జవాబు:
దొరికింది. హప్ అంటే హ్యాంగప్, 1వ నంబరు సిగ్నల్. టెర్మినళ్లు ఫోన్ లైన్ల మీద నడిచే రోజుల్లో లైన్ తెగితే ప్రోగ్రామ్‌కి చెప్పడానికి పుట్టింది. డీమన్లకు (వెనకాల నడిచే ప్రోగ్రాములకు) టెర్మినల్ ఉండదు కాబట్టి, "సెట్టింగులు మళ్లీ చదువు, లాగ్ ఫైలు మళ్లీ తెరువు" అని చెప్పడానికి దీన్ని వాడుకోవడం అలవాటైంది. ప్రోగ్రామ్ దాన్ని పట్టించుకునేలా రాసి ఉంటేనే ఆ అర్థం. రాయకపోతే అందుకోగానే చచ్చిపోవడమే డీఫాల్ట్.

ఇక సక్సెస్ సంగతి. హప్, ఇంట్, టర్మ్, పైప్ సిగ్నళ్లతో పోతే సిస్టమ్‌డీ దాన్ని సజావుగా ముగిసినట్టే లెక్కేస్తుంది. ఫెయిల్యూరే కానప్పుడు ఆన్-ఫెయిల్యూర్ ఎందుకు లేపుతుంది?

పంపేది ఎవరంటారా, ఆ టైము చూస్తే లాగ్‌రొటేట్ (పాత లాగ్ ఫైళ్లను పక్కన పెట్టి కొత్తవి మొదలుపెట్టించే ప్రోగ్రామ్) అనిపిస్తోంది. వీక్లీ అని రాసి వారం పేరు చెప్పకపోతే ఆదివారమే తిప్పుతుంది. ఈటీసీ కింద లాగ్‌రొటేట్ డాట్ డీ ఫోల్డర్లో మీ సర్వీసు ఫైలు తెరిచి, పోస్ట్‌రొటేట్ (లాగ్ తిప్పాక నడిచే స్క్రిప్టు) కింద ఏముందో చూడండి. లాగ్‌రొటేట్‌ను మైనస్ డీ పెట్టి నడిపితే ఏం చేస్తుందో చెబుతుందే గానీ ఏమీ చేయదు, ఆ స్క్రిప్టును కూడా నడపదు. మైనస్ ఎఫ్ పెడితే నిజంగానే తిప్పేస్తుంది, కాబట్టి పని లేని టైములో చేయండి.

మొదటి జవాబిచ్చినవారు:
నా ఊహ తప్పింది, ఒప్పుకుంటున్నా. కానీ ఇంత వెతకడమెందుకు, రీస్టార్ట్ ఆల్వేస్ పెట్టేస్తే పోలా?

రెండో జవాబు:
లేస్తుంది. కానీ వారానికోసారి పని మధ్యలో చస్తూనే ఉంటుంది, మనకు తెలియకుండా. తెలియకుండా చావడం ఇంకా అన్యాయం. పైగా ఆల్వేస్ అంటే ఎప్పటికీ అని కాదు. డీఫాల్ట్‌గా 10 సెకన్లలో 5 సార్లు స్టార్టయ్యాక సిస్టమ్‌డీ ఇక వదిలేస్తుంది. రీస్టార్ట్‌కీ రీస్టార్ట్‌కీ మధ్య విరామం 100 మిల్లీసెకన్లే, లేచిన వెంటనే పడిపోయే ప్రోగ్రామైతే ఆ అయిదూ కళ్ల ముందే అయిపోతాయి.

ప్రశ్న అడిగినవారు:
అదేనండి! పోస్ట్‌రొటేట్ కింద హప్ పంపే పీకిల్ లైను ఉంది. వెబ్ సర్వర్ ఫైలును కాపీ చేసి పేరు మార్చాం, ఆ లైను కూడా వెంట వచ్చింది. చేసింది నేనే. మూడు వారాల కిందట.

ఆ లైను తీసేసి కాపీట్రంకేట్ (లాగ్‌ను కాపీ తీసుకుని అసలు ఫైలును ఖాళీ చేసే పద్ధతి) పెట్టాలనుకుంటున్నా. సరేనా?

రెండో జవాబు:
ప్రస్తుతానికి సరే. కాపీకీ ఖాళీ చేయడానికీ మధ్య కొన్ని లైన్లు పోవచ్చు. మీ ప్రోగ్రామ్ లాగ్‌ను అపెండ్ మోడ్‌లో (ఎప్పుడూ ఫైలు చివరే రాసేలా) తెరుస్తోందో లేదో కూడా చూసుకోండి. లేకపోతే ఖాళీ చేశాక కూడా పాత చోటు నుంచే రాస్తుంది, ఫైలు మొదట్లో అంతా సున్నా బైట్లు చేరతాయి. తీరిక దొరికితే హప్ రాగానే లాగ్ మళ్లీ తెరిచేలా ప్రోగ్రామ్‌లోనే నాలుగు లైన్లు రాసేయండి.

ప్రశ్న అడిగినవారు:
అపెండే. మైనస్ ఎఫ్‌తో తిప్పి చూశా, సర్వీసు కదల్లేదు, పీఐడీ కూడా అదే. సగంలో ఆగిన 3 ఫైళ్లు మాత్రం క్యూలో మళ్లీ వేయాల్సి వచ్చింది.