బెన్వా బహుమతి కోసం బయటి నర్తకులు ఇప్పుడు మాస్కో వెళ్లాలా?

నృత్యరేఖ (విజయవాడ):
బ్యాలే ఆస్కార్ అని పేరుబడ్డ బెన్వా ద లా డాన్స్ 1991లో మాస్కోలో పుట్టింది. తొలి బహుమతులు 1992 ఏప్రిల్ 29న, అంతర్జాతీయ నృత్య దినోత్సవం నాడు ఇచ్చారు. కొరియోగ్రఫీ బహుమతి అప్పట్లో హాంబర్గ్ బ్యాలే నడుపుతున్న అమెరికన్ జాన్ నోయ్‌మయర్‌కి వచ్చింది. నర్తకుల్లో మాస్కో బోల్షోయ్ నాటకశాలకి చెందిన నదేజ్దా గ్రచోవాతో పాటు అర్జెంటీనా నుంచి హూలియో బొకా కూడా ఉన్నాడు. సోవియట్ యూనియన్ కూలి అప్పటికి నాలుగు నెలలు. తలుపులు బార్లా తెరుచుకున్న కాలంలో పుట్టిన బహుమతి ఇది. అందుకే దానిమీద నాకు అంత ఇష్టం.

ఇప్పుడా తలుపులు లేవు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద రష్యా యుద్ధం మొదలైంది. బహుమతి ప్రదానం మాత్రం బోల్షోయ్ వేదిక మీదే సాగుతోంది. అది ప్రభుత్వ నాటకశాల. యుద్ధం వద్దని గొంతెత్తిన కళాకారుల లేఖ మీద సంతకం చేసిన డైరెక్టర్ వ్లదీమిర్ ఉరిన్ 2023 చివర్లో వెళ్లిపోయాడు. ఆయన కుర్చీలోకి వలేరీ గెర్గియేవ్ వచ్చాడు. దండయాత్రను ఖండించనన్నందుకు మ్యూనిక్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా పదవి నుంచి తీసేసిన కండక్టర్ ఆయనే. అలాంటి ఇంట్లో అడుగుపెట్టి నవ్వుతూ బహుమతి బొమ్మ అందుకోవడం మామూలు విషయం కాదు. బయటి దేశాల నర్తకులు ఇప్పుడు వెళ్లకూడదనే నేనంటాను. మీరేమంటారు?

మాస్కో_మెడికో:
రేఖ గారూ, నేను ఇక్కడే చదువుకుంటున్నాను కాబట్టి అవతలి పక్క చెబుతాను. బ్యాలే నేర్చుకునే పిల్ల పదేళ్ల వయసుకే హాస్టల్లో చేరుతుంది. పారిస్ ఒపేరాలోనే 42 ఏళ్లకు రిటైర్మెంట్. అంటే ఆ మనిషికి నిజంగా మంచిగా ఆడే కాలం పదిహేనేళ్లు ఉంటే గొప్ప. అందులో నాలుగైదేళ్లు యుద్ధానికి పోతే, తిరిగి ఎవరిస్తారు? బయటివాళ్లు రావడం మానేస్తే క్రెమ్లిన్‌లో ఎవరికీ నిద్ర చెడదు. నష్టపోయేది ఆ వేదిక మీద నిలబడే ఇరవై రెండేళ్ల అమ్మాయే. తను ప్రపంచంలో ఎక్కడుందో పోల్చుకునే దారి మూసుకుపోతుంది.

ఇంకో మాట. వయసుమళ్లిన నర్తకులకు సాయం చేయడం కూడా ఈ బహుమతి మొదటినుంచీ పెట్టుకున్న ఉద్దేశమే. దాన్ని సర్కారు పండగగా చూడటం అన్యాయం.

హడ్సన్_తీరం (న్యూజెర్సీ):
తమ్ముడూ, అమ్మాయి బాధ నిజమే, కాదనను. కానీ అదే బహుమతి అందుకున్నవాళ్లు ఏం చేశారో కూడా చూడు. కొరియోగ్రాఫర్ అలెక్సేయ్ రత్మాన్‌స్కీకి 2005లో బెన్వా వచ్చింది. ఆయన కీవ్‌లో పెరిగాడు, తర్వాత 2004 నుంచి 2008 దాకా బోల్షోయ్ బ్యాలేని నడిపాడు. యుద్ధం మొదలైన రోజు మాస్కోలో కొత్త బ్యాలే రిహార్సల్స్‌లో ఉన్నాడు. ఆ రోజే పని మధ్యలో వదిలేసి బయల్దేరాడు. ఓల్గా స్మిర్నోవా కూడా బెన్వా విజేతే. బోల్షోయ్‌లో అగ్రశ్రేణి నర్తకి. 2022 మార్చిలో అన్నీ వదులుకుని ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లి డచ్ నేషనల్ బ్యాలేలో చేరింది. ఆమెకూ ఆ పదిహేనేళ్లే ఉన్నాయి కదా?

2024లో న్యూయార్క్ లింకన్ సెంటర్‌లో రత్మాన్‌స్కీ బ్యాలే 'సాలిట్యూడ్' చూశాను. ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ బస్‌స్టాపులో చనిపోయిన పదమూడేళ్ల కొడుకు చెయ్యి పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్న ఒక తండ్రి ఫొటో నుంచి పుట్టిందది. తెర లేచేసరికి వేదిక ముందు భాగంలో ఆ తండ్రి, పక్కన పడుకుని ఉన్న పిల్లవాడు. వెనక స్వరకర్త మాలర్ శవయాత్ర సంగీతానికి అందరూ నర్తిస్తున్నారు. ఆ తండ్రి పాత్ర వేసిన నర్తకుడు మాత్రం నిమిషాల తరబడి కదలడు. ప్రధాన నర్తకుణ్ణి అంతసేపు కదలకుండా కూర్చోబెట్టే ధైర్యం ఎంతమంది కొరియోగ్రాఫర్లకు ఉంటుంది? ఈ కృతికి మాస్కోలో బహుమతి ఇవ్వగలరా? ఇవ్వలేరు. ఆ ఏడాది ప్రపంచంలో వచ్చిన గట్టి బ్యాలేల్లో ఒకదాన్ని పేరెత్తి పిలవలేని బహుమతిని అంతర్జాతీయం అనడం నాకు చేతకాదు.

కూచిపూడి_టీచర్ (హైదరాబాద్):
యుద్ధం సంగతి మీరు మాట్లాడుకోండి. నా అభ్యంతరం అంతకన్నా పాతది. జ్యూరీ సభ్యులే పేర్లు ప్రతిపాదిస్తారు. ఆ సభ్యుల్లో ఎక్కువమంది కంపెనీలు నడిపేవాళ్లు, లేదా నడిపినవాళ్లు. అంతా ఒకరికొకరు తెలిసిన లోకం. పైగా చాలా కృతుల్ని వాళ్లు చూసేది వీడియోలో!

వీడియోలో కొరియోగ్రఫీ ఏం తెలుస్తుందండీ? 'లా బయాదేర్' తీసుకోండి. కొరియోగ్రాఫర్ పెతిపా 1877లో పీటర్స్‌బర్గ్‌లో చేసిన బ్యాలే. దేవదాసి నికియా కథ, అందులో రాజుగారు గోల్కొండ రాజు. (మన గోల్కొండే, పీటర్స్‌బర్గ్ ఊహించుకున్న గోల్కొండ.) అందులో ఛాయల, అంటే ఆత్మల, ఘట్టం ఉంటుంది. బోల్షోయ్‌లో అయితే 32 మంది అమ్మాయిలు ఏటవాలు మెట్టు మీంచి ఒకరి వెనక ఒకరు దిగుతారు. ప్రతి ఒక్కరూ అదే అరబెస్క్ (ఒంటికాలి మీద నిలబడి రెండో కాలు వెనక్కి చాపే భంగిమ), అదే వంగడం, మళ్లీ అదే. చివరి అమ్మాయి దిగేసరికి మొదటి అమ్మాయి ఆ భంగిమ ఎన్నిసార్లు పట్టి ఉంటుందో ఆలోచించండి. ఆ ఘట్టం గొప్పతనమంతా ఆ పునరుక్తిలో ఉంది. కెమెరా ఏం చేస్తుంది? మధ్యలో ఒక మొహం దగ్గరికి వెళ్తుంది. వరుస తెగిపోతుంది. నా పిల్లల ప్రదర్శనల రికార్డింగులు చూసినప్పుడల్లా నేను పడే బాధ ఇదే. జతులప్పుడు పాదాలు చూపించరు, కళ్లు చూపిస్తారు.

కాబట్టి మాస్కోలో ఇచ్చినా మచిలీపట్నంలో ఇచ్చినా నా ప్రశ్న ఒక్కటే: మీరు ఆ బ్యాలేని హాల్లో చూశారా?

నృత్యరేఖ:
టీచర్ గారూ, మీరన్నది ఒప్పుకుంటాను, కానీ రెండూ విడివిడి సమస్యలు కావు. ఈ బహుమతికి మాస్కోతో పేగుబంధం ఉందని అందరూ అనుకుంటున్నారు. చరిత్ర అలా లేదు. 1990ల్లోనే ప్రదానోత్సవం పారిస్‌లో, వార్సాలో, బెర్లిన్‌లో జరిగింది. పేరు ఎవరిది? రష్యన్ చిత్రకారుడు అలెగ్జాండర్ బెన్వాది. 1911లో ఆయన స్వరకర్త స్ట్రావిన్‌స్కీతో కలిసి కథ అల్లి, రంగాలంకరణ చేసిన 'పెత్రూష్కా' బ్యాలే తొలిసారి ఆడింది పారిస్‌లో. 1926 నుంచి ఆయన అక్కడే ఉండిపోయాడు, అక్కడే పోయాడు. గెలిచినవాళ్లకిచ్చే బొమ్మను చెక్కిన ఇగోర్ ఉస్తినోవ్ కూడా ఆ కుటుంబం వాడే, రష్యా బయట పెరిగినవాడు. పేరూ బొమ్మా రెండూ సరిహద్దు దాటినవే.

ఏళ్ల తరబడి జ్యూరీకి పెద్దదిక్కుగా ఉన్న యూరీ గ్రిగొరోవిచ్, బోల్షోయ్‌లో 'స్పార్టకస్' బ్యాలేకి నృత్యం కూర్చినాయన, 2025 మేలో పోయారు. ఆయన ఉన్నంతకాలం మార్చమని అడగడానికి అందరికీ మొహమాటం. ఇప్పుడు అడగొచ్చు. బహుమతిని చంపమనడం లేదు నేను, ఊరు మార్చమంటున్నాను.

మాస్కో_మెడికో:
అక్కా, వార్సాకి మారిస్తే ఇక్కడి పిల్లలు ఎలా వస్తారు? యూరోపియన్ యూనియన్ దేశాలకి నేరుగా విమానాలే లేవు. వీసా దొరకడం గగనం. దొరికినా తిరిగొచ్చాక ఎవరు ఏమడుగుతారోనన్న భయం ఉంటుంది. అప్పుడది దేశం వదిలినవాళ్ల బహుమతి అవుతుంది, ఉన్నవాళ్లది కాదు. మారిస్తే ఇద్దరూ రాగలిగిన చోటికి మార్చండి. తిబిలీసీ, అల్మాటీ, ఇస్తాంబుల్, ఏదైనా సరే.

హడ్సన్_తీరం:
తిబిలీసీ అయితే నాకు అభ్యంతరం లేదు తమ్ముడూ. అక్కడి బ్యాలేని 2004 నుంచి ఏళ్ల తరబడి నడిపింది నీనా అనానియాష్విలీ. ఒకప్పుడు బోల్షోయ్ తార, జార్జియా బిడ్డ. కాకపోతే ఒక షరతు: రత్మాన్‌స్కీ కృతి కూడా ఆ వేదిక మీదికి రాగలగాలి. అది రానప్పుడు ఊరు మార్చి లాభం లేదు.

కూచిపూడి_టీచర్:
నా షరతు కూడా చేర్చండి. ఏ కృతికి ఓటెయ్యాలన్నా జ్యూరీలో కనీసం ముగ్గురు దాన్ని హాల్లో కూర్చుని చూసి ఉండాలి. ప్రయాణం ఖర్చు నిర్వాహకులదే.