ప్రచ్ఛన్న యుద్ధాన్ని ఒక్క చార్టులో పెట్టడం ఎలా?

ప్రశ్న: ప్రచ్ఛన్న యుద్ధం చదవడానికి 1945 నుంచి 1991 దాకా ఒక గీత గీసి సంఘటనలన్నీ వరసగా రాశానండి. నలభై దాటాయి. చూస్తే రైల్వే టైమ్‌టేబుల్‌లా ఉంది, ఒక్కటీ బుర్రలో నిలవట్లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

జవాబు: నేనూ అలాగే గీసి చించేశాను. ఇది ఇద్దరి ఆట కదా, ఒక్క గీత చాలదు. కాగితం అడ్డంగా పెట్టి పై వరస అమెరికాకి, కింది వరస సోవియట్ యూనియన్‌కి ఇవ్వండి. మధ్యలో బాగా ఖాళీ వదలండి. బెర్లిన్, కొరియా, అఫ్గానిస్తాన్ అక్కడికొస్తాయి. ఇక బాణాలు. ఒకటి ముందు, ఒకటి తర్వాత జరిగినంత మాత్రాన బాణం వేయకండి. దాని మీద "అందుకని" అని రాయగలిగితేనే వేయండి. చాలామంది అమెరికా వైపు సైనిక కూటమి నాటో (1949) నుంచి సోవియట్ వైపు కూటమి వార్సా ఒప్పందానికి (1955) నేరుగా గీసేస్తారు. మరి మధ్యలో ఆరేళ్లు ఏమైనట్టు? 1955 మే నెలలో పశ్చిమ జర్మనీ నాటోలో చేరింది. పది రోజులు తిరక్కుండానే, మే 14న, వార్సాలో సంతకాలు. బాణం అక్కడి నుంచి రావాలి.

ప్రశ్న: క్యూబా దగ్గర చిక్కుపడ్డానండి. బాణాలు అటూ ఇటూ పోతున్నాయి.

జవాబు: పోనివ్వండి, అక్కడ జరిగిందే అది. టర్కీలో అమెరికా జూపిటర్ క్షిపణులు, 1961లో క్యూబా మీద అమెరికా చేయించిన బే ఆఫ్ పిగ్స్ దాడి: రెండూ పై వరసలో. వాటి నుంచి కిందికి బాణాలు, కింది నుంచి క్యూబాకి 1962 నాటి సోవియట్ క్షిపణులు. చివరికి సోవియట్ నేత క్రుశ్చేవ్ వాటిని వెనక్కి తీసుకున్నాడు. టర్కీలోవి తీసేస్తామని అమెరికా అధ్యక్షుడు కెనడీ వైపు నుంచి గుట్టుగా మాట వెళ్లింది. అది చుక్కల గీతతో వేయండి, అప్పట్లో బయటికి పొక్కలేదు. 1963లో రెండు రాజధానుల మధ్య నేరుగా పెట్టుకున్న హాట్‌లైన్‌కి రెండు మొనల బాణం.

ఇంకొకరి జవాబు: చైనాని మరిచారు! 1950లో కొరియాలో అమెరికాతో తలపడింది, 1969లో సోవియట్‌తోనే సరిహద్దు ఘర్షణలు, 1972 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ బీజింగ్‌లో. కింది నుంచి పైకి వాలే గీత ఒకటి వేయండి. అదే ఏడాది మే నెలలో మాస్కోలో అణ్వాయుధాలకి హద్దు పెట్టే సాల్ట్ ఒప్పందం ఎందుకు కుదిరిందో అది లేకపోతే సగమే అర్థమవుతుంది. రంగులు మాత్రం రెండు చాలు, ఉద్రిక్తతకి ఎరుపు, సడలింపుకి నీలం. నేను ఏడు వాడి, ఏది దేనికో నాకే తెలియక తల పట్టుకున్నాను.

ప్రశ్న: కొత్త కాగితం తీశానండి. ముందు చైనా గీత వేసేసి, తర్వాత మిగతావి.