సమస్య: "భార్య లేనట్టి చిత్రమే భార్యదయ్యె"

నిర్వాహకుడు:
ఈ వారం పాదం పైన ఉంది, అదే చివరి పాదంగా మిగతా మూడూ మీరు పూరించాలి. సందర్భం: హైదరాబాదు చూసి వెళ్లిన ఓ జంట ఆల్బం. రీలుకు 36 ఫొటోలు, ఏ ఒక్కదాంట్లోనూ ఆవిడ లేదు. పూరణలో ఊళ్లో చోటు ఒకటైనా కనబడాలి, అంతే షరతు.

మూసీతీరం:
గోలకొండ మెట్లెక్కగా గొంతు లెండ
నిలిచె నాతడు గుమ్మాన నీడఁ జూచి
మీట నొక్కిన దామెయే, మేలు మేలు!
భార్య లేనట్టి చిత్రమే భార్యదయ్యె

గణపాఠి:
పాదం చూడగానే నలుగురిలో ముగ్గురికి తట్టే మలుపే ఇది. అయితే 'నీడఁ జూచి' పద్యాన్ని నిలబెట్టింది. ఆయన నీడ చూసుకున్నాడు, ఎండ ఆవిడ నెత్తిన పడింది. 'మేలు మేలు'లో ఆ దెప్పు వినబడుతోంది. 'భార్యదయ్యె' అనడం చమత్కారం కోసం సాగదీసిందీ కాదు. 1957 కాపీరైటు చట్టం లెక్కన ఫొటోకు కర్త తీసిన మనిషే, అందులో నిలబడ్డ మనిషి కాదు.

చీకటిగది:
మీట నొక్కడం సరే, ఆ ఫొటోలో ఆయన మొహం కనబడుతుందా? కమాను నీడలో మనిషి, వెనక ఎండ కాసే ఆవరణ. కెమెరా ఆ వెనక వెలుగును బట్టి కొలత తీసుకుంటుంది, మనిషి బొగ్గుబొమ్మై తేలతాడు. ఆయన్ని రెండడుగులు ముందుకు, గుమ్మం అంచుకు రమ్మంటే ఎదుటి వెలుగు మొహమ్మీద పడుతుంది. లేదంటే పట్టపగలైనా ఫ్లాష్ వేసుకోవాలి. ఫోనైతే తెర మీద మొహాన్ని తాకి, వెలుగు కాస్త పెంచితే సరి.

మూసీతీరం:
పద్యంలో ఫ్లాష్‌కు గణం దొరకలేదు లెండి.

లాడ్‌బజారు:
నాది గూడ సూడున్రి. మీట నొక్కుడు కాదు, అంతకు మించి.

సాగరపు గట్టుపై నిల్చె సంజ వేళ
పతియె, కెమెరానుఁ బట్టిన పడతి నీడ
పొడవుగా సాగి యాతని పొంత వాలె
భార్య లేనట్టి చిత్రమే భార్యదయ్యె

నిర్వాహకుడు:
అబ్బ! మనిషి లేదు, నీడ ఉంది. ఈ వారానికి నాకు నచ్చిన మలుపు ఇదే. 'పొంత వాలె' ఎంత మెత్తగా పడిందో.

గణపాఠి:
మెత్తగానే పడింది, పడాల్సిన వైపే పడలేదు. ట్యాంక్‌బండ్ హుస్సేన్‌సాగర్‌కు తూర్పు గట్టు. ఆయన వెనక నీళ్లు రావాలంటే ఆవిడ పడమటికి తిరిగి తీయాలి. సంజ వేళ సూర్యుడు ఆవిడ ఎదురుగా, నీళ్ల మీద ఉంటాడు. ఆవిడ నీడ వెనక్కి, రోడ్డు మీదికి పోతుంది. ఆయన నీడే వచ్చి ఆవిడ కాళ్ల మీద పడుతుంది. మలుపు మొత్తం తలకిందులు.

లాడ్‌బజారు:
సంజలు రెండుంటయి సార్. నేను రాసింది పొద్దుటి సంజ.

గణపాఠి:
పొద్దుటి సంజ అంటే పొద్దు పొడవకముందు వెలుగు. సూర్యుడే రాని వేళ నీడెక్కడిది?

లాడ్‌బజారు:
పోయిన నెల మీ పూరణ యాదికుందా? 1991 నాటి ఫొటోల జంట ఎనక సాగర్ నడుమ బుద్ధుణ్ణి నిలబెట్టిన్రు. ఆ విగ్రహం 1990 మార్చిల బల్లకట్టు మీదికెళ్లి నీళ్లల్ల పడ్డది. 1992 డిసెంబరుల తీసి నిలబెట్టిన్రు. మీ జంట ఫొటో దిగిన్నాడు బుద్ధుడు సాగర్ అడుగున పండుకొని ఉన్నడు.

గణపాఠి:
ఆ పద్యంలో గణదోషం లేదు.

చీకటిగది:
మీ ఇద్దరి తగవుకూ ఒక్క మాట చాలు. 'సంజ' తీసి 'చద్ది' పెట్టండి: "సాగరపు గట్టుపై నిల్చె చద్ది వేళ". చకార సకారాలకు యతి కుదురుతుంది, తూర్పు వెలుగూ కుదురుతుంది. ఐదడుగుల మనిషి నీడ పదిహేనడుగులు సాగాలంటే సూర్యుడు సుమారు 18 డిగ్రీల ఎత్తున ఉండాలి. అంటే పొద్దు పొడిచాక గంటా గంటన్నర మధ్య, అచ్చంగా చద్దివేళే. 45 డిగ్రీలకు ఎక్కితే నీడ మనిషంతే, ఇక ఆయన దాకా అందదు. ఇంకోటి, కెమెరాను అడ్డంగా పట్టుకుంటే ఆవిడ తలా భుజాల నీడే పడుతుంది. నిలువుగా పట్టి కొద్దిగా కిందికి వంచితేనే 'పొడవుగా సాగి' అన్న మాట ఫొటోలోకి వస్తుంది.

లాడ్‌బజారు:
చద్ది! మస్తుంది సార్. మార్సుకుంటున్న. గణపాఠి గారికైతే కాదు, చద్దికి.

చీకటిగది:
ఇక నాది.

చార్మినారొక్కటే దోచు, చాటు వైపు
పెన్సిలున తేది, యూరును పేర్మి వ్రాసె
ఆలి దస్తూరియే మిగిలె నచ్చముగను
భార్య లేనట్టి చిత్రమే భార్యదయ్యె

మూసీతీరం:
ఫొటో వెనక్కి తిప్పి చూడటం బాగుంది, ఎవరికీ తట్టలేదు. కానీ రంగుల ప్రింటు వెనక పెన్సిలు పడుతుందా? జారిపోదూ?

చీకటిగది:
జారుతుంది. రంగుల ప్రింటు కాగితానికి రెండువైపులా ప్లాస్టిక్ పూత ఉంటుంది, పెన్సిలు పట్టదు. బాల్‌పెన్నుతో నొక్కి రాస్తే గీత ముందువైపు ఉబ్బి, మినారు మీద తేలుతుంది. సిరా పెన్నైతే ఆరేలోపు దొంతిలో పక్క ప్రింటుకు అంటుకుంటుంది. అందుకే ఇది పూత లేని పాత నలుపుతెలుపు కాగితం అనుకునే రాశాను. దాని మీదైనా మెత్తటి పెన్సిలుతో, ప్రింటును గాజుపలక మీద బోర్లించి, అంచు దగ్గరే రాయాలి. రంగుల ప్రింటైతే రాత కాగితపు కవరు మీదే మేలు. జిగురు పేజీల ఆల్బంలో మాత్రం అతికించొద్దు. ఏళ్లు గడిచేకొద్దీ జిగురు పసుపెక్కుతుంది, ప్రింటు ఊడి రాదు, వెనక రాసింది ఇక ఎవరికీ కనబడదు.

గణపాఠి:
కాగితం సంగతి అంత వివరంగా తెలిసిన వారు మూడో పాదం లెక్కపెట్టుకోవాల్సింది. 'యే మిగిలె' దగ్గర ఒక లఘువు ఎక్కువైంది. భగణం దాటి బయటికొచ్చింది.

చీకటిగది:
అవును, ఎక్కువే. "ఆలి దస్తూరియే నిల్చె నచ్చముగను".

లాడ్‌బజారు:
గణపాఠి గారూ, ఇన్ని తప్పులు పట్టిన్రు, మీ పూరణేది?

గణపాఠి:
వెతుకుతున్నాను. సాగర్ అడుగున.

నిర్వాహకుడు:
ఈ వారం మార్కులు చద్దివేళ నీడకు, సవరణ ఇచ్చిన చీకటిగది గారికి చెరిసగం. వచ్చేవారం ఆటవెలది. పాదం మీ తగవులోంచే దొరికింది: "నీడ లేని సంజ నీట మునిగె". మొదటి పూరణ గణపాఠి గారిదే కావాలి.